వియ్యాలూ కయ్యాలూ: దక్కన్ రాజవంశాల పెళ్ళిళ్ళలో దాగిన చరిత్ర



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు చరిత్ర మీద ఒక పాఠం లాంటి వ్యాసం రాయమని అడిగారు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఈ గోడల మధ్య చదువుకుని, చరిత్ర ఉపాధ్యాయుడినైన నాకు ఇంతకంటే కావలసినదేముంది?

పదో తరగతి చదివే రోజుల్లో ఒక సాయంత్రం స్టడీ అవర్‌లో విజయనగర పతనం పాఠం చదువుతున్నాం. "దక్కన్ సుల్తానులు ఏకమై 1565లో తళ్ళికోట యుద్ధంలో రామరాయలను ఓడించారు" అని ఉంది. దానికి ముందు పేజీలోనేమో ఆ సుల్తానులు ఒకరితో ఒకరు నిత్యం కొట్టుకునేవారని ఉంది. "నిత్యం కొట్టుకునేవాళ్ళు ఒక్కసారిగా ఎలా ఏకమయ్యారురా?" అని మాలో మేము వాదించుకుంటున్నాం. వరండాలో బియ్యం ఏరుతున్న వంట పెద్దమ్మ తలెత్తకుండానే, "పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకుని ఉంటార్లే నాయనా" అంది. అందరం పకపకా నవ్వాం.

చాలా ఏళ్ళ తర్వాత ఎం.ఏ.లో చేరి పెద్ద పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, పెద్దమ్మ చెప్పినది అక్షరాలా నిజమని. నవ్వినందుకు ఆరోజు సిగ్గుపడ్డాను. ఈ పాఠం ఆమెకు నా బాకీ.

1. రాజులు వియ్యం ఎందుకు అందుకునేవారు?

పదిహేను, పదహారు, పదిహేడు శతాబ్దాలలో రాజ్యమంటే రాజకుటుంబమే. ఈనాటి దేశాల మాదిరిగా శాశ్వత రాయబార కార్యాలయాలు లేవు. మాట తప్పితే అడిగే న్యాయస్థానం లేదు. కనుక ఒప్పందానికి పూచీగా మనుషులనే ఇచ్చేవారు. ఒక రాచకన్య పెళ్ళి వెనుక సాధారణంగా ఈ లెక్కలు ఉండేవి:

అ) యుద్ధం ఆపడానికి గుర్తు.
ఆ) కట్నం పేరుతో కోటలను, పరగణాలను చేతులు మార్చడం. ఓడి ఇచ్చామనే అవమానం ఉండదు.
ఇ) పుట్టబోయే బిడ్డకు రెండు వంశాల మీదా హక్కు.
ఈ) అత్తవారింటి సంగతులు పుట్టింటికి తెలిసే దారి.

ఇది ఒక్క దక్కన్ సంగతే కాదు. యూరప్‌లో హాబ్స్‌బర్గ్ వంశానికి చెందిన ఫిలిప్, స్పెయిన్ రాకుమార్తె హువానాను 1496లో పెళ్ళాడాడు. వారి కొడుకు ఐదవ చార్లెస్‌కు స్పెయిన్ రాజ్యం యుద్ధంతో రాలేదు, తల్లి వైపు నుంచి వచ్చింది. కాని మనం మన నేల మీది కథనే చూద్దాం.

2. గజపతి కూతురు

శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509-1529) ఒడిశా గజపతి ప్రతాపరుద్రునిపై దండెత్తి 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని పట్టుకున్నాడు. కొండవీడులో గజపతి కొడుకు వీరభద్రుడు బందీ అయ్యాడు. ఆ తరువాత రాయలు సింహాచలం దాకా వెళ్ళి శాసనాలు వేయించాడు. చివరికి సంధి కుదిరింది. గజపతి తన కూతురిని రాయలకిచ్చి పెళ్ళి చేశాడు. రాయలు కృష్ణానదికి ఉత్తరాన గెలిచిన భూములను తిరిగి ఇచ్చివేశాడు. కృష్ణ రెండు రాజ్యాలకు సరిహద్దు అయింది.

పోటీ పరీక్షలకు ఇంతవరకు చాలు. మనం ఇంకొంచెం ముందుకు పోదాం. ఆ అమ్మాయి పేరేమిటి? ఒక పుస్తకంలో జగన్మోహిని, ఇంకొక దానిలో తుక్కాదేవి, మరొక దానిలో అన్నపూర్ణాదేవి. రాయలు గెలిచిన కోటల పేర్లన్నీ తేదీలతో సహా రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి. యుద్ధాన్ని ఆపిన పిల్ల పేరు మాత్రం స్థిరంగా నిలవలేదు. రాయలు ఆమెను ఆదరించలేదని, ఆమె కంభం ప్రాంతానికి వచ్చి ఉండిపోయిందని ఐతిహ్యం. కథ నిజమైనా కాకపోయినా, అది వందల ఏళ్ళు జనం నోట నిలవడానికి ఒక కారణం ఉండాలి. సంధిలో ఆమె మాట ఎవరూ అడగలేదన్న సంగతి జనానికి తెలుసు.

3. అల్లుడు, ఆశ్రితుడు, పెంపుడు కొడుకు

రాయల కూతురు తిరుమలాంబను పెళ్ళాడినవాడు రామరాయలు. ఆయనను అళియ రామరాయలు అంటారు. కన్నడంలో అళియ అంటే అల్లుడు. రాయల తర్వాత 1542-43 నాటికి సదాశివరాయలను సింహాసనం మీద కూర్చోబెట్టి, అధికారమంతా తానే నడిపాడు. ఆ అధికారానికి మొదటి మెట్టు ఆ అల్లుడి బంధుత్వమే.

రామరాయలు పొరుగు సుల్తానులతో కూడా బంధుత్వం లాంటి సంబంధాలే నడిపాడు. రెండు ఉదాహరణలు చూడండి.

మొదటిది: గోల్కొండ స్థాపకుడు సుల్తాన్ కులీ 1543లో హత్యకు గురయ్యాడు. కొడుకు జంషీద్ సింహాసనం ఎక్కాడు. చిన్న కొడుకు ఇబ్రహీం ప్రాణభయంతో బీదర్ మీదుగా విజయనగరం చేరాడు. రామరాయలు ఆశ్రయమిచ్చాడు. సుమారు ఏడేళ్ళు అక్కడ ఉండి, 1550లో తిరిగి వచ్చి ఇబ్రహీం కుతుబ్ షా అయ్యాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచినది ఈయననే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చినది ఈయనకే.

రెండవది: బీజాపూర్ సుల్తాన్ మొదటి అలీ ఆదిల్ షా (పాలన 1558-1580). రామరాయల కొడుకు చనిపోయాడని తెలిసి, అలీ కొద్దిమంది రౌతులతో నేరుగా విజయనగరం వెళ్ళి పరామర్శించాడు. రామరాయల భార్య అతన్ని కొడుకుగా భావించిందని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. కాని తిరిగి వెళ్ళేటప్పుడు రామరాయలు మర్యాదకు తగినంత దూరం సాగనంపలేదట. ఆ చిన్నతనాన్ని అలీ మనసులో పెట్టుకున్నాడట.

నవ్వుకోకండి. మన ఊళ్ళలో పెళ్ళివారిని ఊరి చివరిదాకా సాగనంపలేదని ఏళ్ళ తరబడి మాటలు మానుకున్న ఇళ్ళు లేవా? రాచరికంలో అదే మర్యాద, అదే పంతం. తేడా ఒక్కటే, వారి పంతానికి వేలమంది చనిపోయేవారు.

4. కట్నంగా ఒక కోట

ఇప్పుడు షోలాపూర్ కోట సంగతి. ఈ పాఠానికి ఇదే గుండెకాయ.

1524లో అహ్మద్‌నగర్ సుల్తాన్ మొదటి బుర్హాన్ నిజాం షాకు, బీజాపూర్ సుల్తాన్ ఇస్మాయిల్ ఆదిల్ షా చెల్లెలు మరియంకు పెళ్ళి జరిగింది. కట్నంగా షోలాపూర్ కోట ఇస్తామన్నారు. పెళ్ళి అయింది, కోట ఇవ్వలేదు. ఇచ్చిన మాట ఏదని అహ్మద్‌నగర్ యుద్ధానికి దిగింది. ఆ కోట కోసం ఇరుపక్షాలూ నలభై ఏళ్ళు కొట్టుకున్నాయి. సంధి కోసం చేసిన పెళ్ళే రెండు తరాల యుద్ధాలకు కారణమైంది.

ఈ తగవులలో రామరాయలు ఒకసారి ఒకరి పక్షం, మరొకసారి మరొకరి పక్షం వహించి ముగ్గురినీ తన అదుపులో ఉంచాడు. బీజాపూర్, గోల్కొండలను వెంటబెట్టుకుని అహ్మద్‌నగర్ మీద పడ్డాడు. హుసేన్ నిజాం షా ఓడి, సంధికి స్వయంగా రామరాయల దగ్గరకు రావలసి వచ్చింది. రామరాయలు ఆసనం మీది నుంచి లేవకుండానే చేయి అందించాడట. హుసేన్ ఆ చేయి తాకి, వెంటనే నీళ్ళు తెప్పించుకుని అందరి ముందూ చేతులు కడుక్కున్నాడట. రామరాయలు మండిపడి తానూ నీళ్ళు తెప్పించి కడుక్కున్నాడట. ఇదీ ఫెరిష్తా రాసినదే.

ఎదుటివాడిని తాకి చేతులు కడుక్కోవడమంటే ఏమిటో మన హాస్టల్ పిల్లలకు విడమర్చి చెప్పనక్కరలేదు. ఒక్కసారి జరిగిన ఆ అవమానం ఇద్దరు రాజులకు మరపు రాలేదు. తరతరాలుగా పూటపూటా పడినవారి సంగతి ఏ ఫెరిష్తా రాశాడు?

5. 1564: రెండు పెళ్ళిళ్ళు, 1565: ఒక యుద్ధం

రామరాయలను ఒంటరిగా ఎవరూ గెలవలేరని ముగ్గురికీ అర్థమైంది. కాని ఒకరినొకరు నమ్మేదెలా? గోల్కొండ తరఫున ముస్తఫా ఖాన్ అనే రాయబారి బీజాపూర్‌కు, అహ్మద్‌నగర్‌కు తిరిగి మాటలు కలిపాడు. 1564లో కుండమార్పిడి పెళ్ళిళ్ళు జరిగాయి:

* హుసేన్ నిజాం షా కూతురు చాంద్ బీబీని బీజాపూర్ సుల్తాన్ అలీకి ఇచ్చారు. కట్నం, అదే షోలాపూర్ కోట!
* అలీ చెల్లెలు హదియా సుల్తానాను హుసేన్ కొడుకు ముర్తజాకు చేసుకున్నారు.
* హుసేన్ మరో కూతురు బీబీ జమాలిని అప్పటికే గోల్కొండ ఇబ్రహీం పెళ్ళాడి ఉన్నాడు.

అంటే హుసేన్ నిజాం షాకు మిగిలిన ఇద్దరూ అల్లుళ్ళే. బీదర్ కూడా చేతులు కలిపింది. 1565 జనవరి 23న కృష్ణ ఒడ్డున యుద్ధం జరిగింది. రామరాయలు పట్టుబడ్డాడు. హుసేన్ ఆజ్ఞతో ఆయన తల నరికారు. విజయనగరం కొల్లగొట్టబడింది.

ఈ యుద్ధాన్ని రెండు మతాల యుద్ధంగానే చాలామంది చెబుతారు. అది పూర్తి సత్యమైతే, ఏడేళ్ళు అన్నం పెట్టిన ఇంటి మీదకు ఇబ్రహీం, తల్లిలా చూసిన ఇంటి మీదకు అలీ అప్పటిదాకా ఎందుకు వెళ్ళలేదు? నలభై ఏళ్ళు ఒకే మతం వారైన బీజాపూర్, అహ్మద్‌నగర్ ఒక కోట కోసం ఎందుకు నరుక్కున్నాయి? గెలిచిన కొద్ది ఏళ్ళకే మళ్ళీ ఎందుకు కొట్టుకున్నాయి? మతం పేరు వాడుకోలేదని కాదు. కాని కదిలించినవి కోటలు, సరిహద్దులు, పరువు, బంధుత్వం. పరీక్షలో జవాబు రాసేటప్పుడు ఈ కారణాలన్నీ రాయండి. జీవితంలో ఎవరైనా చరిత్ర పేరు చెప్పి మిమ్మల్ని రెచ్చగొట్టడానికి వస్తే, షోలాపూర్ కోట గుర్తు తెచ్చుకోండి.

6. కట్నంతో వచ్చిన పిల్ల, కోటను కాచిన రాణి

చాంద్ బీబీకి పెళ్ళినాటికి పద్నాలుగేళ్ళ ప్రాయం. ఆమె తల్లి ఖుంజా హుమాయూన్ కూడా సామాన్యురాలు కాదు. 1565లో భర్త హుసేన్ చనిపోగా, కొడుకు ముర్తజా తరఫున కొన్నేళ్ళు రాజ్యం నడిపింది. చివరికి ఆ కొడుకే ఆమెను ఖైదు చేశాడు.

1580లో అలీ హత్యకు గురయ్యాడు. పిల్లలు లేరు. అలీ సోదరుని కొడుకు ఇబ్రహీం తొమ్మిదేళ్ళ బాలుడు. వాడిని గద్దె మీద కూర్చోబెట్టి, సంరక్షణ బాధ్యత చాంద్ బీబీ తీసుకుంది. అధికారం కోసం కాచుకున్న కిష్వర్ ఖాన్ అనే మంత్రి ఆమెను సతారా కోటలో ఖైదు చేయించాడు. వాడి పతనం తర్వాత ఆమె తిరిగి వచ్చింది.

1584లో మరో పెళ్ళి. బాల సుల్తాన్ ఇబ్రహీం చెల్లెలు ఖదీజాను అహ్మద్‌నగర్ యువరాజు మీరాన్ హుసేన్‌కు ఇచ్చారు. పెళ్ళికూతురిని వెంటబెట్టుకుని చాంద్ బీబీ పుట్టింటికి చేరింది. ఆ పెళ్ళికొడుకు 1588లో కన్నతండ్రి ముర్తజాను చంపించాడు, 1589లో తానే హతుడయ్యాడు.

1595 చివరలో అక్బరు కొడుకు మురాద్ మొగలు సేనతో అహ్మద్‌నగర్‌ను ముట్టడించాడు. పసివాడైన బహదూర్ నిజాం షా పక్షాన చాంద్ బీబీ కోటను కాచింది. 1596 ఫిబ్రవరిలో మొగలులు మందుపాతర పేల్చి గోడను కూలగొట్టారు. ఆమె తానే అక్కడ నిలబడి సైనికులకు ధైర్యం చెప్పి, రాత్రికి రాత్రి గోడను తిరిగి కట్టించింది. ఆమె పెంచిన ఇబ్రహీం ఆదిల్ షా బీజాపూర్ నుంచి సైన్యం పంపాడు. గోల్కొండ కూడా కలిసింది. కట్నాల కోసం కట్టిన బంధుత్వం మొదటిసారి అండగా పనికి వచ్చింది. మొగలులు బేరార్ తీసుకుని సంధికి ఒప్పుకున్నారు.

1600లో మొగలులు మళ్ళీ వచ్చారు. ఇక గెలవలేమని గ్రహించి ఆమె సంధి మాటలు మొదలుపెట్టింది. అమ్ముడుపోయిందని పుకారు పుట్టింది. సొంత సైనికులే ఆమెను చంపారు. ఆగస్టులో కోట మొగలుల వశమైంది. ఆమె పుకారుకు బలి అయింది కాని, కోటను అమ్మలేదు.

7. గోల్కొండ ఇంటి పెద్ద

మన హైదరాబాదు దగ్గరి హయత్‌నగర్ పేరు ఎవరిదో తెలుసా? మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు హయత్ బక్షీ బేగంది. ఆమె ఒక సుల్తాన్‌కు కూతురు, ఒక సుల్తాన్‌కు భార్య, మరొక సుల్తాన్‌కు తల్లి. ఆమె కూతురు ఖదీజా సుల్తానా 1633లో బీజాపూర్ మహమ్మద్ ఆదిల్ షా ఇంటికి కోడలిగా వెళ్ళింది.

కొడుకు అబ్దుల్లా కుతుబ్ షా 1636లో షాజహానుకు లొంగి, ఏటా రెండు లక్షల హున్నులు పీష్కష్, అంటే కప్పం, కట్టడానికి ఒప్పుకున్నాడు. 1656లో ఔరంగజేబు దక్కన్ సుబేదారుగా ఉండి గోల్కొండను ముట్టడించాడు. హైదరాబాదు కొల్లపోయింది. అప్పుడు ముసలితల్లి హయత్ బక్షీ స్వయంగా ఔరంగజేబు శిబిరానికి వెళ్ళి సంధి మాట్లాడింది. షరతులలో ముఖ్యమైనవి: కోటి రూపాయల సొమ్ము, అబ్దుల్లా రెండవ కూతురిని ఔరంగజేబు పెద్దకొడుకు మహమ్మద్ సుల్తానుకు ఇవ్వడం, నేటి పెద్దపల్లి జిల్లాలోని రామగిరి ప్రాంతాన్ని కట్నంగా ఇవ్వడం. అబ్దుల్లాకు మగపిల్లలు లేరు కనుక తన కొడుకునే గోల్కొండ వారసుడిని చేయాలని ఔరంగజేబు ఆలోచన.

ఆలోచన పారలేదు. మహమ్మద్ సుల్తాను 1659లో తండ్రికి ఎదురు తిరిగి, పెదనాన్న షుజా పక్షం చేరి, ఖైదుపాలయ్యాడు. 1672లో అబ్దుల్లా చనిపోయేనాటికి కూడా బందీయే. గోల్కొండ గద్దె మూడవ అల్లుడు అబుల్ హసన్‌కు దక్కింది. ఆయనే తానీషా. 1687లో ఔరంగజేబు పెళ్ళితో దొరకని గోల్కొండను ఎనిమిది నెలల ముట్టడితో తీసుకున్నాడు.

8. ఖర్చు ఎవరిది?

కోటి రూపాయలు, రెండు లక్షల హున్నులు, కట్నాలు, ఊరేగింపులు. ఇవన్నీ ఎక్కడివి? కొంత రైతు కట్టిన శిస్తు. కొంత కృష్ణ ఒడ్డున కొల్లూరు వంటి చోట్ల తవ్విన వజ్రాలు. అక్కడ సుమారు అరవై వేలమంది, ఆడవాళ్ళు, పిల్లలతో సహా, పనిచేసేవారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. మట్టి తవ్విన మగవారు, మోసిన ఆడవారు, పిల్లలు. వారిలో ఒక్కరి పేరూ మనకు మిగలలేదు. మన తాతముత్తాతల చరిత్ర ఎక్కడ ఉందని అడుగుతారు కదా. రాజుల పెళ్ళిపద్దులలో ఖర్చు కాలమ్ కింద ఉంది. దానిని బయటికి తీసి రాయవలసినది మీ తరం.

9. చివరగా, మా ఇంటి షోలాపూర్

మా నాన్నకు, మా మేనమామకు పావు ఎకరం గట్టు తగాదా ఉండేది. పెద్దలు కూర్చుని, "పిల్లనిస్తే తగువు తీరుతుంది" అని తేల్చారు. మా అక్క అప్పుడు తొమ్మిదో తరగతి, క్లాసులో మొదటి రెండు మూడు ర్యాంకుల్లో ఉండేది. నేను ఆరో తరగతికి ట్రంకు పెట్టె పట్టుకుని ఈ హాస్టల్‌కు వచ్చిన ఏడాదే అక్క పుస్తకాల సంచి దూలానికి ఎక్కింది. గట్టు తగాదా తీరిందా? లేదు, మూడేళ్ళకే మళ్ళీ మొదలైంది. ఈసారి మధ్యలో నలిగింది మా అక్క.

షోలాపూర్ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు మరియం కాదు, మా అక్క గుర్తొచ్చింది.

కనుక చెల్లెళ్ళూ, పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేయడం చట్టరీత్యా నేరం. ఇంట్లో మాట మొదలైతే మీ టీచరుకో, వార్డెనుకో, 1098 నంబరుకో చెప్పండి. తమ్ముళ్ళూ, మీ ఇంట్లో ఇలాంటి పంచాయితీ జరిగితే నాలాగా గుమ్మం పక్కన నిలబడి చూడకండి. "అక్కను అడిగారా?" అని ఒక్క మాట అడగండి. నేను అడగలేకపోయిన మాట అది.

గుర్తుంచుకోవలసిన సంవత్సరాలు

1515 - కొండవీడు విజయం
1524 - షోలాపూర్ కట్నం వివాదానికి మొదలు
1550 - ఇబ్రహీం కుతుబ్ షా పాలన ఆరంభం
1564 - బీజాపూర్, అహ్మద్‌నగర్ కుండమార్పిడి పెళ్ళిళ్ళు
1565 జనవరి 23 - తళ్ళికోట యుద్ధం
1596 - చాంద్ బీబీ సంధి
1600 - చాంద్ బీబీ హత్య, అహ్మద్‌నగర్ పతనం
1636 - గోల్కొండ, మొగలుల ఒడంబడిక
1656 - హయత్ బక్షీ బేగం సంధి
1687 - గోల్కొండ పతనం

ఆలోచించి రాయండి

1. తళ్ళికోట యుద్ధానికి గల కారణాలలో వివాహ సంబంధాల పాత్ర ఏమిటి?
2. రాజకీయ వివాహం శాంతిని తెస్తుందా? షోలాపూర్, రామగిరి ఉదాహరణలతో చర్చించండి.
3. మీ ఊరిలో పెళ్ళితో తీరిన తగువు ఒకటి, పెళ్ళితో పెరిగిన తగువు ఒకటి పెద్దలను అడిగి తెలుసుకుని రాయండి. అందులో పెళ్ళికూతురి మాట ఎవరైనా అడిగారో లేదో తప్పక రాయండి.

మూడో ప్రశ్నకు మార్కులు లేవు. కాని ముందు దానికే జవాబు రాయండి.

మీ అన్న,
పూర్వ విద్యార్థి, చరిత్ర ఉపాధ్యాయుడు